ఊహకు నేల వెతికేటప్పుడు

మీ మనసులో ఒక షాపు ఉంటుంది. లేదా ఒక ఇల్లు, ఒక ఉద్యోగం. అచ్చం దానిలాంటిది బయట ఎంత తిరిగినా దొరకదు. దొరకలేదని ఏళ్లకేళ్లు చూస్తూనే ఉండిపోయేవాళ్లు కొందరైతే, విసుగొచ్చి ఎదురుపడినదానికి అడ్వాన్సు ఇచ్చేసేవాళ్లు మరికొందరు. ఈ ఇద్దరూ ఫాంటసీ నవలల్ని సినిమాలుగా, టీవీ సీరియళ్లుగా తీసినవాళ్ల పద్ధతి ఒకసారి చూడాలి. వాళ్ల కథలో ఉన్నది ఏ పటంలోనూ లేని ఊరు. యూనిట్ మాత్రం భోజనాల వ్యానుతో సహా ఎక్కడో ఒకచోట దిగాల్సిందే.

1998లో దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం టోల్కీన్ నవల ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ కోసం న్యూజీలాండ్‌లో ఆకాశంలోంచి రెక్కీ చేసింది. హాబిట్లనే పొట్టి మనుషుల పల్లెకు చోటు కావాలి. మటామటా అనే ఊరి దగ్గర అలెగ్జాండర్ కుటుంబానికి చెందిన 1,250 ఎకరాల గొర్రెల ఫారం కంటపడింది. మెత్తటి పచ్చని గుట్టలు, ఓ చెరువు, దాని దగ్గర పెద్ద పైన్ చెట్టు. కనుచూపుమేరలో కరెంటు స్తంభం లేదు, రోడ్డు లేదు, మిద్దె లేదు.

కావలసినవీ చాలా లేవు. గుండ్రటి తలుపుల ఇళ్లు లేవు, పూలతోటలు లేవు, కథానాయకుడి ఇంటి నెత్తిన ఉండాల్సిన ఓక్ చెట్టు లేదు. సామాను లారీ లోపలికి రావడానికి సరైన దారి కూడా లేదు. మనమైతే అక్కడే పెదవి విరిచి కారెక్కేవాళ్లం. వాళ్ల ఎంపికలో నాకు కనిపించే తెలివి ఏమిటంటే, లేనివాటిని రెండు కుప్పలు పోయడం. డబ్బూ టైమూ పెడితే వచ్చేవి ఒక కుప్ప, ఎంత పెట్టినా రానివి ఇంకో కుప్ప. చెట్టును తెచ్చుకోవచ్చు, తలుపు చేయించుకోవచ్చు. గుట్టల ఒంపును ఏ మేస్త్రీ కట్టివ్వలేడు.

1999 మార్చిలో పని మొదలై తొమ్మిది నెలలు సాగింది. న్యూజీలాండ్ సైన్యం యంత్రాలతో దిగి ఒకటిన్నర కిలోమీటరు రోడ్డు వేసింది. గుట్టల్లో 39 హాబిట్ ఇళ్లు లేచాయి. లేచినవి ముఖద్వారాలు మాత్రమే, లోపలి సన్నివేశాలన్నీ స్టూడియోలో తీసుకున్నారు. ఓక్ చెట్టు సంగతి మరీ విచిత్రం. ఆ చుట్టుపక్కలే ఒక చెట్టును కొట్టించి, కొమ్మలకు నంబర్లు వేసి, ముక్కలుగా మోసుకొచ్చి గుట్ట మీద బోల్టులు బిగించి నిలబెట్టారు. దాని ఆకులు తైవాన్ నుంచి దిగుమతైన కృత్రిమ ఆకులు. ఒక్కొక్కదాన్నీ తీగతో కట్టారు. (ఆ ఆకులు కట్టిన మనుషుల మీద ఎవరైనా సినిమా తీస్తే మొదటి రోజే చూస్తాను.) డిసెంబరులో అక్కడ షూటింగ్ మొదలైంది.

మీరూ ఒక కాగితం తీసి రెండు కుప్పలు పోయండి. అద్దె ఇంటికి రంగులు, ఫ్యాన్లు, అల్మారాలు మొదటి కుప్ప. గాలి, వెలుతురు, బోరు నీళ్లు, పిల్లల బడి ఎంత దూరం, పైవాటాలో ఎవరున్నారు అనేవి రెండోది. మాడ్యులర్ కిచెన్ చూసి మురిసిపోయి, మే నెలలో నీళ్ల ట్యాంకర్ కోసం క్యూలో నిలబడేవాళ్లు ఎందరో. ఉద్యోగమైనా ఇంతే. పని రాకపోతే నేర్చుకోవచ్చు. తిట్టందే నోరు తెరవని బాసును మీరు మార్చలేరు.

రెండో పని, రాకపోకలు లెక్కేయడం. జార్జ్ మార్టిన్ నవలల నుంచి తీసిన టీవీ సీరియల్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ బృందం బెల్‌ఫాస్ట్‌లో ఒకప్పుడు ఓడల భాగాలకు రంగులేసిన పెయింట్ హాల్‌ను స్టూడియోగా చేసుకుంది. బయటి నుంచి చూస్తే పెద్ద షెడ్డు. కానీ పాత కోటలు, అడవి, సముద్రపు ఒడ్డు అన్నీ అక్కడికి రోడ్డు దూరంలోనే. ఇంకో సంగతి, వాళ్లు మొదట అనుకున్న చోటునే పట్టుకు వేలాడలేదు. ప్రయోగాత్మకంగా తీసిన మొదటి ఎపిసోడ్ (పైలట్)లో, కథలోని వింటర్‌ఫెల్ కోటకు స్కాట్లండ్‌లోని డూన్ కోటను వాడి, తర్వాత ఉత్తర ఐర్లండ్‌లోని క్యాసిల్ వార్డ్‌కు మారారు. కథలోని రాజధాని నగరానికి మొదటి సీజన్‌లో మాల్టా, రెండో సీజన్‌కు క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్. నలుగురూ ఏమనుకుంటారోనని పాత నిర్ణయాన్నే మోస్తుంటే ఖర్చు మీదే, ఆ నలుగురిది కాదు.

నచ్చిన చోటు మీ ఒక్కరిదే అనుకోకండి. జాక్సన్ సినిమాలో అగ్నిపర్వతంగా కనిపించే న్గౌరుహోయి పర్వతం న్యూజీలాండ్ ఆదివాసులైన మావోరీలకు పవిత్రం. దాని శిఖరం మీద షూటింగ్‌కు అనుమతి దొరకలేదు. యూనిట్ పక్కనున్న రువాపేహు వాలుల మీద చాలా దృశ్యాలు తీసుకుంది. చూసినవాళ్లకు ఏ లోటూ కనిపించలేదు. ఇంకోవైపు 2010లో మాల్టాలోని గోజో దీవిలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పనికి దిగిన ఒక సబ్ కాంట్రాక్టరు రక్షిత ప్రాంతపు నేల మీద ఇసుక పోయించాడు, పెద్ద గొడవైంది. పర్మిషన్ కాగితం మీ సంచిలో ఉంటే చాలదు, అందులో ఏముందో గునపం పట్టినవాడికీ తెలియాలి. ఇల్లు బాగుచేయిస్తున్నా, కొత్త ఆఫీసు కట్టిస్తున్నా ఆ పది నిమిషాల మాట ముందు రోజే చెప్పేయండి.

ఇక వేళ. మంచుదేశపు సన్నివేశాలకు ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ బృందం 2011 చలికాలంలో ఐస్‌లాండ్ వెళ్లింది. ఆ నెలల్లో అక్కడ పగలు కొద్ది గంటలే. వేసవిలో అదే చోట అర్ధరాత్రి కూడా వెలుతురుంటుంది. నేల ఒకటే అయినా పనికి వచ్చే గంటలు వేరు. కాబట్టి షాపు చూడాలంటే బ్రోకర్‌కు తీరిక దొరికిన ఆదివారం పొద్దున వెళ్లకండి. మీ బేరాలు జరిగే సాయంత్రం ఆరింటికి వెళ్లండి, వాన పడుతున్నప్పుడు ఇంకోసారి వెళ్లండి. డ్రైనేజీ పొంగుతుందా, బండ్లు ఎక్కడ ఆపుతారు, కరెంటు ఎంతసేపు పోతుంది అనేవి ఓనరు గారిని అడగొద్దు. పక్కన టీకొట్టు అతన్ని అడగండి, టీ తాగి మరీ అడగండి.