మెట్టభూములు – వన్యప్రాణులు – ఛాయాగ్రహణము

ఛాయాచిత్రములు తీయు విద్యను ఉర్దూలో 'అక్కాసీ' అందురు. 'అక్స్' అనగా ప్రతిబింబము. తెలుగులో దానికే ఛాయాగ్రహణమని పేరు. ఛాయ అనగా నీడ. ప్రతిబింబమును పట్టినను, నీడను పట్టినను ప్రాణికి హాని లేదు. కాని ఈ విద్య చరిత్రను పరిశీలించినచో, అడవిలోనికి కెమెరా మొదట తుపాకికి తోడుగానే ప్రవేశించినదని తెలియును. అది తుపాకిని విడిచి ప్రాణికి సాక్షిగా మారిన విధమును మన దక్కను మెట్టభూముల ఉదాహరణలతో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

నిజాము కాలపు చిత్రములు

మన ప్రాంతపు ఛాయాచిత్ర చరిత్రలో ప్రథమగణ్యుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905). మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు ఈ కళను అభ్యసించినాడు. 1885లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 'ముసవ్విర్ జంగ్' బిరుదమును పొందినాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు.

తొలినాళ్ల తడి ఫలక పద్ధతిలో గాజు పలకకు రసాయనమును పూసి, అది ఆరిపోకముందే చిత్రమును తీసి కడుగవలెను. మన ఎండలలో అది ఎంత కష్టమో ఊహింపవచ్చును. 1880 ప్రాంతమున పొడి ఫలకములు వ్యాపించి పని సులువైనది. అయినను కెమెరా బరువైనది, ముక్కాలిపీటపై నిలుపవలసినది. కోట నిలుచును, కొండ నిలుచును, చెరువు నిలుచును. బ్రతికియున్న పులి నిలువదు. అందుచేత ఆ కాలపు చిత్రములలో పులి తరచుగా కళేబరముగానే కనిపించును. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్లు ప్రాంతపు నెక్కొండ వద్ద షికారు జరిపినప్పుడు దీన్‌దయాళ్ స్టూడియో తీసిన చిత్రము ఇట్టిదే.

ఆఫ్రికా నుండి హిమాలయ పాదము వరకు

అదే కాలమున తూర్పు ఆఫ్రికా మెట్టపచ్చికలలో షిల్లింగ్స్ అను జర్మను దేశీయుడు మెగ్నీషియం మెరుపు సాయముతో రాత్రివేళ జంతువులను చిత్రించినాడు. ఆయన గ్రంథనామములో మెరుపు, తుపాకి ప్రక్కప్రక్కనే ఉన్నవి. మన దేశమున అటవీ అధికారి ఛాంపియన్ మరొక అడుగు ముందుకు వేసినాడు. దారికి అడ్డముగా కట్టిన తీగెను పులి తాకగానే కెమెరా పనిచేయునట్లు అమర్చి, 1927లో ఆ చిత్రములతో గ్రంథమును ప్రకటించినాడు. ఏ రెండు పులుల చారలును ఒక్కటి కావు గనుక చిత్రమును బట్టి పులిని గుర్తింపవచ్చును. నేడు మన అమ్రాబాదు అడవులలో పులుల లెక్కకు ఆధారము ఈ సూత్రమే.

కలివికోడి కథ

పులి రాజసము గల జంతువు, కనుక దానికి ఆదరణ కలిగినది. ముళ్లపొదల నేలలో తిరుగు ఒక చిన్న పక్షి మాటేమిటి? కలివికోడి రాత్రించరము. 1848లో జెర్డాన్ అను వైద్యుడు దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసినాడు. 1900 తరువాత అది శాస్త్రజ్ఞుల కంటపడలేదు. నశించెననియే పలువురు తలచినారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతమున అది మరల లభించినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అన్వేషణకు స్థానికుల జ్ఞానమే దారి చూపినది. అయితే దీపపు వెలుగులో పట్టుబడిన ఆ పక్షి బ్రతుకలేదు.

తరువాతి పరిశోధకులు వేరు మార్గమును అనుసరించినారు. పొదల నడుమ మెత్తని మన్ను పరచి అడుగుజాడలను చూచినారు. జాడలున్న చోట తమంతట తాము పనిచేయు కెమెరాలను నిలిపినారు. ఈ పద్ధతి వివరములు 2002లో ప్రకటింపబడినవి. పక్షిని తాకకుండనే అది ఉన్నదని నిరూపించుట సాధ్యమైనది. తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ నేలను సమీపించినప్పుడు ఇట్టి ఆధారములే రక్షణ వాదమునకు బలమిచ్చినవి. కాలువ మార్గమును మార్చుటకు ప్రభుత్వము అంగీకరించినది. పట్టుబడి చచ్చిన పక్షి చేయలేని పనిని దాని నీడ చేసినదనవచ్చును.

మన ఆలేరు నేల

మన ఊరి చుట్టునున్న నేలను చూచి 'ఇక్కడ ఏమున్నది? రాళ్లు, తుమ్మలు' అనుట పరిపాటి. రికార్డులలో 'బంజరు' అని వ్రాయబడిన భూమిని త్రవ్వుటకు ఎవరును సంకోచింపరు. కాని ఆ గుండ్ల సందులలో ఉడుము, ముంగిస ఉన్నవి. రేగు, సీతాఫలము పొదలలో కముజులు, కుందేళ్లు ఉన్నవి. తంతితీగెపై పాలపిట్ట వ్రాలును.

చిత్రము తీయగోరు విద్యార్థి మూడు విషయములు గ్రహింపవలెను. మొదటిది వెలుతురు. మధ్యాహ్నపు ఎండలో నీడలు కురుచనై రాతి ఆకృతి అణగిపోవును. వేడి ఆవిరులు దూరదృశ్యమును చెదరగొట్టును. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల ఏటవాలు వెలుతురులో ప్రతి గుండు తన రూపముతో నిలుచును. రెండవది ఓర్పు. ప్రాణిని తరుమరాదు, దాని దారిలో కూర్చుండి వేచియుండవలెను. మూడవది మర్యాద. గూడును కదల్చి తీసిన చిత్రము ఎంత అందమైనను అది వేటయే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును కూడ విద్యార్థులు తెలిసికొనవలెను.

నేడు పలువురి చేతులలో కెమెరా గల ఫోను ఉన్నది. దీన్‌దయాళ్‌కు ఎద్దుబండ్లతో గాని సాగని పని జేబులో ఇముడుచున్నది. తేదీ, స్థలము, వేళ వ్రాసి భద్రపరచిన ఒక్కొక్క చిత్రమును ఈ నేల పక్షమున ఒక సాక్ష్యము. పదేండ్ల తరువాత ఎవరైనను 'ఇక్కడ ఏమున్నది?' అని ప్రశ్నించినప్పుడు, చూపుటకు మన కళాశాలలో ఒక చిత్రసంపుటి ఉండవలెను. ఆ పనిని ఈ సంవత్సరమే ప్రారంభింపవచ్చును.