ప్రధాన సంఖ్యల ఘాతములు – అసమీకరణములు

సమీకరణములకు పూర్ణాంకములలో సాధన వెదకు శాస్త్రభాగము అలెగ్జాండ్రియా నగరవాసియగు డయోఫాంటసు పేరిట ప్రసిద్ధము. అందు ప్రధాన సంఖ్యలనే వాడవలెనన్నచో ప్రశ్న కఠినతరమగును. తగినంత పెద్దదగు ప్రతి బేసి సంఖ్యయు మూడు ప్రధాన సంఖ్యల మొత్తమగునని 1937లో రష్యా గణితజ్ఞుడు వినోగ్రాదోవ్ నిరూపించెను.

ఘాతాంకము పూర్ణాంకము కానిచో ఏమగునో మేమిచ్చట వివరింపగోరుచున్నాము. ఘాతాంకము 3/2 అనుకొందము. సంఖ్యను దాని వర్గమూలముచే గుణించిన ఈ ఘాతము లభించును. 3కు సుమారు 5.20, 5కు 11.18, 7కు 18.52, మొత్తము 34.90. ఇది 35నకు మిక్కిలి చేరువ. కాని ఏ ప్రధాన సంఖ్యలను గ్రహించినను ఇట్టి మొత్తము సరిగా పూర్ణాంకము కానేరదు. ఆ వర్గమూలములు కరణులు, ఒకదానినొకటి రద్దుచేయజాలవు. కావున సమానత్వమును విడిచి, భేదమును కోరిన హద్దునకు లోబరుపగలమా యని అడుగవలెను. ఇదియే అసమీకరణము.

1కంటె పెద్దదై పూర్ణాంకము కాని ప్రతి ఘాతాంకమునకును ఇన్ని ప్రధాన సంఖ్యలు చాలునను నియతసంఖ్య యొకటి కలదనియు, వానితో తగినంత పెద్దదగు ప్రతి సంఖ్యను ఎంత చిన్న హద్దులోనైనను సమీపింపవచ్చుననియు 1952లో పియాటెట్‌స్కీ-షపీరో నిరూపించెను. ఘాతాంకము 3/2కు లోబడినచో ఐదు చాలును. అది 15/14కు లోబడినచో మూడే చాలునని 1992లో బల్గేరియా గణితజ్ఞుడు తోలెవ్ చూపెను.

"సుమారు" అనుటను విద్యార్థులు లోపముగా తలంతురు. ఇచ్చట హద్దును ముందే నిర్ణయించి, అందు సాధన కలదని నిశ్చయముగా నిరూపించుచున్నారు.

అభ్యాసము: ఘాతాంకము 3/2గా, 13 వరకుగల ప్రధాన సంఖ్యలలో మూడింటితో 84ను పదింట ఒకవంతులోపల సమీపింపుడు. ఒకే సంఖ్యను రెండుమారులు వాడవచ్చును.