ఇంకా పైకి!

పిల్లలూ! మీలో కొందరు విమానం ఎక్కి ఉంటారు. ఎక్కనివారు ఆకాశంలో చూచి ఉంటారు. మీ అవ్వ గాని, తాత గాని విమానం ఎక్కడానికి జంకుతారా? వారిని చూచి నవ్వకండి. ముందు ఈ పాఠం చదవండి.

మన పెద్దలు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ దీవికి వచ్చారు. వారాల కొద్దీ సముద్రం మీదనే ఉన్నారు. చుట్టూ నీరే. అంత నీటిని చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. అయినా వచ్చారు. భయపడడం సిగ్గుపడవలసిన పని కాదు.

అమెరికాలో ఒహాయో అనే రాష్ట్రం ఉంది. అందులో డేటన్ ఒక పట్టణం. అక్కడ మిల్టన్ రైట్ అనే క్రైస్తవ మతగురువు ఉండేవాడు. 1878లో ఆయన తన పిల్లలకు ఒక ఆటబొమ్మ తెచ్చాడు. రబ్బరు పట్టీని మెలితిప్పి వదిలితే అది పైకి ఎగిరేది. ఆ పిల్లలలో ఇద్దరు విల్బర్, ఆర్విల్. వారు పెద్దవారై సైకిళ్ళ దుకాణం పెట్టారు. ఎగిరే యంత్రం చేయాలని పూనుకున్నారు. 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ దగ్గర సముద్రతీరాన వారి విమానం ఎగిరింది. మొదటిసారి ఎగిరింది 12 సెకండ్లే! పోయిన దూరం 120 అడుగులే!

తండ్రి సంతోషించాడు. కాని మనసులో బెంగ తీరలేదు. ఇద్దరూ ఒకే విమానంలో ఉండగా అది పడిపోతే? అందుచేత, ఇద్దరూ కలిసి ఎగరవద్దని వారి దగ్గర మాట తీసుకున్నాడు.

ఆ బెంగకు కారణం ఉంది. 1908 సెప్టెంబరు 17న ఆర్విల్ నడుపుతున్న విమానం కూలింది. వెంట ఉన్న సైనికాధికారి చనిపోయాడు. ఆర్విల్‌కు తొడ ఎముక, ప్రక్కటెముకలు విరిగాయి. విరిగిన భాగాలను పరీక్షించారు. విమానాన్ని ముందుకు తోసే పంకా రెక్క పగిలిందని తెలుసుకున్నారు. లోపం సరిచేశారు. మళ్ళీ ఎగిరారు.

1910 మే 25న డేటన్ దగ్గరి మైదానంలో, తండ్రి అనుమతితో, అన్నదమ్ములిద్దరూ కలిసి ఎగిరారు. అదే మొదలు, అదే చివర. తరువాత ఆర్విల్ తండ్రిని ప్రక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు 81 ఏండ్లు. మనుమలు, మనుమరాండ్రు ఉన్న తాత! ఎన్నడూ విమానం ఎక్కి ఎరుగడు. సుమారు 7 నిమిషాలు ఎగిరారు. ముసలి తండ్రి కొడుకు చెవి దగ్గరకు వంగాడు. దిగిపోదాం అన్నాడా? లేదు. ఇంకా పైకి పోనిమ్మన్నాడు!

1903 నాటి ఆ విమానం వాషింగ్టన్ నగరంలో జాతీయ మ్యూజియంలో ఉంది. సెలవులలో ఎన్నో కుటుంబాలు పిల్లలతో వెళ్ళి దానిని చూస్తాయి.

మీరు సెలవులకు అవ్వతో విమానంలో వెళితే ఈ పనులు చేయండి. అవ్వ ప్రక్కన కూర్చోండి. రెక్కల దగ్గరి కుర్చీలలో కుదుపు కొంత తక్కువ. బెల్టు పెట్టుకోవడం చూపండి. విమానం దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే, మిఠాయి చప్పరించమనండి. మింగుతూ ఉంటే చెవులు తెరుచుకుంటాయి. విమానం ఊగితే ఇలా చెప్పండి: "అవ్వా, గతుకుల దారిలో బస్సు ఊగదా? గాలిలోనూ గతుకులు ఉంటాయి." తరువాత అవ్వ చేయి పట్టుకోండి. రైట్ తాత కథ చెప్పండి.

ప్రశ్నలు

1. తండ్రి కొడుకుల దగ్గర ఏమని మాట తీసుకున్నాడు? ఎందుకు?
2. విమానం కూలిన తరువాత అన్నదమ్ములు ఏమి చేశారు?
3. ముసలి తండ్రి ఆకాశంలో కొడుకును ఏమి కోరాడు?
4. మీ ఇంటి పెద్దలను వారి మొదటి ప్రయాణం గురించి అడగండి. విన్నది అయిదు వాక్యాలలో వ్రాయండి.