నైలునదీ తీరమున రెండు నాగరికతలు: ఈజిప్టు, నూబియా

ఈజిప్టు అనగానే మనకు పిరమిడ్లు, మమ్మీలు, ఫారో చక్రవర్తుల వైభవము జ్ఞప్తికి వచ్చును. కాని అదే నైలునది ఒడ్డున, ఈజిప్టుకు దక్షిణమున, నూబియా అను మరియొక ప్రాచీన దేశము వర్ధిల్లినదని మనలో తెలిసినవారు అరుదు. నేటి అస్వాన్ పట్టణము మొదలుకొని సూడాన్ దేశములోని ఖార్టూమ్ పరిసరముల వరకు గల భూభాగమే ఆ నూబియా. ఒకే నది నీరు త్రాగి పెరిగిన ఈ రెండు జాతులలో ఒకదాని కీర్తి లోకమంతట వ్యాపించుటకు, రెండవదాని పేరు మరుగుపడుటకు కారణమేమో పరిశీలింతము.

ఈజిప్టులో నైలు వరద ఏటేట ఒండ్రుమట్టిని తెచ్చి పొలములను సారవంతము చేసెడిది. ఆ దేశపు ధాన్యసంపదకు, బలమైన రాజ్యవ్యవస్థకు అదియే మూలము. నూబియాలో నది రాతిగుట్టల మధ్య దుముకుచు ప్రవహించును, పంటభూమి స్వల్పము. అయినను బంగారు గనులకు, మేటి విలుకాండ్రకు అది ప్రసిద్ధి చెందినది. ఆఫ్రికా లోతట్టు ప్రాంతముల దంతము, నల్లచేవ కలప ఆ దారినే ఉత్తరమునకు పోయెడివి. ఈజిప్షియనులు ఆ సీమను 'తా-సేతి', అనగా విల్లు దేశము, అని పిలిచిరి.

సుమారు క్రీ.పూ. 2500 నుండి 1500 వరకు కెర్మా నగరము నూబియా రాజధానిగా విలసిల్లినది. అచ్చట పచ్చి ఇటుకలతో కట్టిన బ్రహ్మాండమైన ఆలయకట్టడము నేటికిని నిలిచి యున్నది. ఈ రాజ్యమునకు జంకియే ఈజిప్టు రాజగు మూడవ సెనుస్రెత్ సరిహద్దున కోటలను నిర్మించెను. తరువాత మొదటి తుత్మోసు కాలము నుండి నాలుగు శతాబ్దములకు పైగా నూబియా ఈజిప్టు ఏలుబడిలో నుండెను. ఆ కాలముననే నూబియనులు ఆమున్ దేవుని ఆరాధనను, ఈజిప్టు లిపిని స్వీకరించిరి.

పిమ్మట కాలచక్రము తిరిగినది. క్రీ.పూ. 8వ శతాబ్దిలో నూబియా రాజగు పియే ఈజిప్టుపై దండెత్తి విజయము సాధించెను. ఆ విజయగాథను చెక్కించిన శిలాఫలకము 1862లో జెబెల్ బర్కల్ వద్ద లభించినది. హెర్మోపోలిస్ ముట్టడిలో ఆకలితో కృశించిన గుఱ్ఱములను చూచి పియే మిక్కిలి ఆగ్రహించెనని అందు వ్రాయబడి యున్నది. పియే వంశీయులే ఇరువదియైదవ రాజవంశపు ఫారోలు. వీరిలో షబాకా, పురుగులు తిన్న ప్రాచీన గ్రంథమును శిలపై తిరిగి చెక్కించినట్లు ఆ శిలయే చెప్పుచున్నది. తహర్కా కాలమున అస్సీరియనులు దండెత్తి, క్రీ.పూ. 671లో మెంఫిస్ నగరమును పట్టుకొనిరి. కొలదికాలమునకే నూబియనులు ఈజిప్టును వదలుకొనవలసి వచ్చెను.

అయినను వారి చరిత్ర అంతటితో ముగియలేదు. మెరోయే రాజధానిగా వారు మరి వేయి సంవత్సరములు రాజ్యమేలిరి. స్వంత లిపిని రూపొందించుకొనిరి. ఇనుము కరగించు పనిలో ఆరితేరిరి. క్రీ.పూ. 25 ప్రాంతమున 'కందకే' బిరుదముగల రాణి అమనిరెనాస్ కాలమున వారి సేనలు రోము సైన్యములనే ఎదిరించినవి. అగస్టస్ చక్రవర్తి కంచు ప్రతిమ శిరస్సు 1910లో మెరోయేలో ఒక ఆలయపు గడప క్రింద దొరకినది. నేటి సూడాన్‌లో రెండు వందలకు పైగా పిరమిడ్లు కలవు. ఈ సంఖ్య ఈజిప్టు పిరమిడ్ల సంఖ్యను మించినది.

ఇంతటి జాతి ఏల విస్మృతమైనది? వారి చరిత్రలో పెద్దభాగము పొరుగువారు వ్రాసినదే. ఈజిప్టు శాసనములు వారిని 'నీచమైన కుష్' అని నిందించినవి. రెండవ సామెతికస్ నూబియా ఫారోల పేర్లను కట్టడములపై చెక్కివేయించెను. ఆధునిక పండితులును పొరబడిరి. 1913 నుండి కెర్మాలో త్రవ్వకములు జరిపిన రైస్నర్, అచ్చటి ఘనమైన సమాధులు ఈజిప్టు అధికారులవని తలచెను. ఆఫ్రికా జాతివారు స్వయముగా అంతటి నాగరికతను నిర్మింపలేరన్న దురభిప్రాయమే దీనికి మూలము. తరువాత చార్లెస్ బోనే జరిపిన పరిశోధనలు అది నూబియనుల స్వంత రాజధానియేనని రుజువు చేసినవి. మెరోయే లిపిని గ్రిఫిత్ 1911 నాటికే చదువగలిగినను, ఆ భాష అర్థము నేటికిని పూర్తిగా తెలియరాలేదు.

1960లో ఆరంభమైన అస్వాన్ ఎత్తైన ఆనకట్ట వలన నూబియాలో చాలభాగము నీట మునిగినది. యునెస్కో పిలుపుపై అనేక దేశములు తోడ్పడి, 1964-68 మధ్య అబూ సింబెల్ ఆలయములను ఖండములుగా కోసి ఎత్తైన చోట తిరిగి నిలిపినవి. మన పురావస్తు శాఖ బృందమును బి.బి. లాల్ నాయకత్వమున 1961-62లో అచ్చట త్రవ్వకములు జరిపినది. ఆ కాలముననే మన కృష్ణాతీరమున నాగార్జునకొండ శిథిలములను ముంపు నుండి తప్పించి కొండపైకి చేర్చిరి. కనుక ఈ కథ మనకు పరాయిది గాదు. శిలలను కాపాడుకొంటిమి, మంచిదే; కాని సుమారు లక్షమంది నూబియనులు తాతతండ్రుల ఊళ్లను, ఖర్జూరవనములను విడిచి పోవలసి వచ్చెను. వారి భాష, పాటలు ఏ కొండమీదికిని ఎత్తి పెట్టదగినవి కావు. వాటిని పలుకు జనులలోనే అవి బ్రతుకవలెను.

విజేత వ్రాసిన పుటతోనే చరిత్ర పూర్తి కాదని నూబియా మనకు నేర్పుచున్నది. ఏ జాతిని గూర్చియైనను దాని పొరుగువారి మాటను మాత్రమే విని తీర్పు చెప్పరాదు. విద్యార్థులమైన మనము ఈ పాఠమును గ్రంథపఠనమునందే గాక, మన చుట్టునున్నవారిని అర్థము చేసికొనుటయందును పాటింపవలెను.