చొక్కా మార్చిన కలరా



ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెబుతుంటే ఒక బాబు అడిగాడు: "ఒకసారి జబ్బు చేస్తే ఒంట్లో రక్షణ వస్తుంది కదా మేడం, మరి అదే జబ్బు మళ్లీ ఎందుకు వస్తుంది?" దీనికి జవాబు మన పక్కనే ఉంది.

1992 చివర్లో మద్రాసులో కలరా వచ్చింది. 1993 మొదట్లో కలకత్తా, బంగ్లాదేశ్ దాకా పాకింది. కలరా తరచూ వచ్చే ప్రాంతాల్లో అది ఎక్కువగా పిల్లలకే సోకుతుంది. పెద్దల్లో అప్పటికే రక్షణ ఉంటుంది. ఈసారి మాత్రం పెద్దలే ఎక్కువగా మంచాన పడ్డారు.

కారణం ఇదీ. బడి గేటు దగ్గర వాచ్‌మన్ యూనిఫాం చూసి పిల్లల్ని గుర్తుపడతాడు. మన యాంటీబాడీలు కూడా క్రిమి పైపొరను చూసే గుర్తుపడతాయి. పాత క్రిమి పేరు ఓ1, కొత్తదాని పేరు ఓ139. లోపలి జన్యువులు చాలావరకు పాతవే, విషమూ పాతదే. పైపొరలోని చక్కెర గొలుసులను తయారుచేసే జన్యువుల ముక్క మాత్రం పోయి, దాని చోట వేరే క్రిమి ముక్క అతుక్కుంది. దీన్నే జన్యు పునఃసంయోజనం అంటారు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ తన ఉపరితల ప్రొటీన్లను కూడా ఇలాగే మార్చుకుంటుంది.

ఈ మార్పిడి ఎక్కడ జరగవచ్చు? కలరా క్రిములకు సహజమైన ఇల్లు, పెన్నా సముద్రంలో కలిసేలాంటి ఉప్పునీటి చోట్లు. రొయ్యల, పీతల పెంకుల్లో కైటిన్ ఉంటుంది. దాని మీద పెరిగిన ఓ1 క్రిములు ఓ139 జన్యువులను తీసుకుని ఓ139గా మారగలవని 2007లో ప్రయోగశాలలో తేలింది.

టీకా తయారుచేసేవాళ్లు కూడా ఊరుకోలేదు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఈ రెండు రకాలకూ కలిపి చేసిన 'శాంకాల్' అనే నోటి టీకాకు 2009లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఆ సంస్థను స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారిది మన నెల్లూరు జిల్లాయే. తర్వాతి ఏళ్లలో ఓ139 తగ్గి, మళ్లీ ఓ1దే పైచేయి అయింది.

తుపాను, వరదల రోజుల్లో నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి తాగించండి. విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం చేయకుండా ఓఆర్ఎస్ మొదలుపెట్టి డాక్టరుకు చూపించండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలపండి.

ఈ ఆదివారం మీ పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: చొక్కా మార్చి యాంటీబాడీల కళ్లుగప్పిన క్రిమి, మరిగే నీళ్ల నుంచి ఎందుకు తప్పించుకోలేదు? వాళ్ల జవాబు డైరీలో రాసి పంపితే క్లాసులో చదివి వినిపిస్తాను.