కెమెరాకు తోడు దీపం

తెలుగువారి వివాహ ముహూర్తాలు తరచుగా రాత్రివేళలోనే కుదురుతాయి. వధూవరుల నడుమ పట్టిన తెర తొలగి, ఒకరి శిరస్సుపై ఒకరు జీలకర్ర, బెల్లం ఉంచే ఘడియ చూస్తుండగానే గడచిపోతుంది. ఛాయాగ్రాహకుడు సిద్ధంగా లేడని పురోహితుడు ముహూర్తాన్ని ఆపడు. కొత్తగా డిజిటల్ కెమెరా కొని, బంధువుల ఇంటి పెళ్లికి తొలిసారి ఫొటోలు తీసే బాధ్యత వహించిన యువకుడికి అది కఠినమైన పరీక్ష. మరునాడు చూచుకొంటే వధువు ముఖం సున్నం పూసినట్లు తెల్లబడి, వెనుక గోడకు నల్లని నీడ అంటుకొని, కనుపాపలు ఎర్రగా మెరుస్తూ కనిపిస్తాయి. అతడు మొదట కెమెరానే నిందిస్తాడు. నిజానికి ఆ దోషం కెమెరా నెత్తిన అమర్చి ఉన్న చిన్న ఫ్లాష్ దీపానిది.

ఆ దీపం లెన్సుకు మరీ చేరువగా ఉంటుంది. అందుచేత దాని కాంతి కంటిలోనికి సూటిగా ప్రవేశించి, రెటీనా వెనుకనున్న రక్తనాళాల ఎరుపుతో తిరిగి వచ్చి లెన్సులో పడుతుంది. ముఖంపై ఎదురుగా పడిన వెలుగు ముక్కు, చెక్కిళ్ల ఎత్తుపల్లాలను చెరిపివేస్తుంది. పైగా దాని శక్తి స్వల్పం. ఫ్లాష్ శక్తిని గైడ్ నంబరు అనే అంకెతో సూచిస్తారు. ఆ అంకెను లెన్సు ఎపర్చరు సంఖ్యతో భాగిస్తే వెలుగు ఎన్ని మీటర్ల వరకు చాలుతుందో తెలుస్తుంది. కెమెరాలోని ఫ్లాష్ గైడ్ నంబరు ఐ.ఎస్.ఓ. 100 వద్ద సుమారు 12 అనుకొంటే, ఎఫ్/4 వద్ద దాని చేరిక 3 మీటర్లే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగవ వంతుకు, మూడింతలైతే తొమ్మిదవ వంతుకు తగ్గుతుంది. మండపం చుట్టూ ఆడపడుచులు, మేనమామలు మూగి ఉండగా అయిదారు మీటర్ల వెనుక నిలిచినవాడికి ఆ దీపం ఎంతమాత్రం చాలదు.

ఛాయాచిత్రం అనే మాటలోని ‘ఛాయ’కు నీడ అనే అర్థమూ ఉంది, మేని వన్నె అనే అర్థమూ ఉంది. రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండడం ఇక్కడ ఎంతో ఉచితంగా కుదిరింది. తగినంత నీడ లేనిచోట మేనిఛాయ కూడా నిలువదు. కనుక బయటి ఫ్లాష్ కొనేవాడు అది ఎంత వెలుగునిస్తుందని అడిగేముందు, ఆ వెలుగును ఏ దిక్కుకు మళ్లించవచ్చునో చూడాలి. ఫ్లాష్ తల పైకి లేవాలి, పక్కలకూ తిరగాలి. తెల్లని పైకప్పు వైపు దాన్ని తిప్పితే, కప్పు అంతా ఒక పెద్ద దీపంగా మారి, మెత్తని వెలుగు పైనుండి దిగివస్తుంది. గోడమీది నల్లని నీడ పలుచబడుతుంది, కన్నుల ఎరుపు పోతుంది. తల కదలని ఫ్లాష్ ఎంత చౌకగా దొరికినా కొనదగినది కాదు.

అయితే ఈ ఉపాయం అన్నిచోట్ల ఫలించదు. షామియానా ఎర్రనిదైతే ముఖాలూ ఎర్రబడతాయి. కొబ్బరాకుల పందిరి వెలుగును మింగివేస్తుంది. అటువంటిచోట పక్కన ఒక తెల్లని థర్మోకోల్ పలకను ఎవరిచేతనైనా పట్టించి, ఫ్లాష్‌ను దానివైపు తిప్పడం మేలు. పైకప్పును తాకి వచ్చే వెలుగు దారిలో చాలా నష్టపోతుంది గనుక శక్తి కూడా కొంత అవసరమే. సాధారణమైన గదికి 35 మిల్లీమీటర్ల వద్ద గైడ్ నంబరు 30 ఉన్న ఫ్లాష్, ఐ.ఎస్.ఓ. 400తో సరిపోతుంది. ఎత్తైన కల్యాణ మండపంలో ఐ.ఎస్.ఓ.ను ఇంకా పెంచవలసి వస్తుంది.

ఇక్కడ ‘35 మిల్లీమీటర్ల వద్ద’ అనే మాటను విస్మరించరాదు. అనేక ఫ్లాష్‌లు తమ కాంతిని ఇరుకుగా కూడగట్టి దూరానికి పంపగలవు. పెట్టెమీద ముద్రించే పెద్ద అంకె తరచుగా ఆ ఇరుకు స్థితికి చెందినది. 2005లో వచ్చిన కేనన్ 430ఈఎక్స్‌కు చెప్పే 43 అనే అంకె 105 మిల్లీమీటర్ల వద్దిది. 35 వద్ద అది 31 మాత్రమే. 2004లో వచ్చిన నికాన్ ఎస్‌బీ-600కు నికాన్ సంస్థ 35 మిల్లీమీటర్ల వద్ద 30 అని చెప్పింది. 43ను, 30ని పక్కపక్కన పెట్టి చూచినవాడు మొదటిదే ఎంతో బలమైనదని భ్రమిస్తాడు. రెండూ ఇంచుమించు సమానమే.

పాతవస్తువుల దుకాణంలో కొద్ది సొమ్ముకు దొరికే ఫ్లాష్ మీద ఆశపడేవాడు మరింత జాగరూకతతో ఉండాలి. ఫిల్ము కాలపు ఫ్లాష్‌లలో కొన్ని, ఉదాహరణకు వివిటార్ 283 తొలి ప్రతులు, కెమెరా తాకే చోట 200 వోల్టులకు పైబడిన విద్యుత్తును మోపుతాయి. నికాన్ డిజిటల్ కెమెరాలు 250 వోల్టుల వరకు ఓర్చుకొంటాయి. మరికొన్ని పాత డిజిటల్ కెమెరాలకు 6 వోల్టులు దాటకపోవడమే క్షేమమని చెబుతారు. ఫ్లాష్‌కు బ్యాటరీలు వేసి, సిద్ధమైనట్లు దీపం వెలిగిన తరువాత, దాని అడుగున ఉన్న మధ్య బొడిపెకూ పక్క లోహపు అంచుకూ మల్టీమీటరు తాకిస్తే ఎన్ని వోల్టులో తేలిపోతుంది. ఎలక్ట్రీషియన్ వద్ద అయిదు నిమిషాల పని. అది చేయక కెమెరాను పోగొట్టుకోవడం అవివేకం.

అమరిక సంగతి కూడా కొనకముందే చూడాలి. సోనీ కెమెరాలలో 2012 వరకు మినోల్టా నాటి ప్రత్యేకమైన అమరిక కొనసాగింది. ఇతరుల ఫ్లాష్‌లు అందులో కూర్చోవు. 2019లో వచ్చిన కేనన్ 200డి మార్క్ 2లో మధ్య స్పర్శ బిందువునే తొలగించారు. అందుచేత చవకైన మాన్యువల్ ఫ్లాష్‌లు దానిపై బిగుస్తాయి గాని వెలగవు.

మాన్యువల్ ఫ్లాష్‌లో శక్తిని పూర్తి, సగం, పాతిక అంటూ చేతితోనే నిర్ణయించుకోవాలి. టీటీఎల్ ఫ్లాష్‌లోనైతే అసలు మెరుపుకు ముందు ఒక చిరుమెరుపు వెలిగి, లెన్సు గుండా వచ్చిన కాంతిని కెమెరా కొలిచి శక్తిని తానే నిర్ణయిస్తుంది. దాని వెల ఎక్కువ. వెల ఎక్కువైనది కనుక తప్పు చేయదనుకోరాదు. మధుపర్కాలు ధరించిన వధూవరులు ఎదుట ఉంటే ఆ తెలుపును చూచి కెమెరా వెలుగు మితిమీరిందనుకొంటుంది, శక్తిని తగ్గిస్తుంది. వస్త్రాలు మాసినట్లు, ముఖాలు కందినట్లు వస్తాయి. అప్పుడు ఫ్లాష్ పరిహారాన్ని ఒక మెట్టు పెంచుకోవాలి. సొమ్ము తక్కువగా ఉన్న విద్యార్థికి తల తిరిగే మాన్యువల్ ఫ్లాషే ఉత్తమం. పైకప్పు నుండి వచ్చే వెలుగు గదియంతా ఇంచుమించు సమంగా పరచుకొంటుంది గనుక, అతడు రెండడుగులు ముందుకు జరిగినా వెనుకకు జరిగినా ప్రతిసారీ లెక్క మార్చుకోనక్కరలేదు.

మిగిలిన సొమ్ముతో రెండు జతల రీఛార్జి బ్యాటరీలు కొనుక్కోవాలి. జతకు నాలుగు. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ 1.2 వోల్టులదే అయినా, 1.5 వోల్టుల ఆల్కలైన్ కంటే అంతర్నిరోధం తక్కువ గనుక ఫ్లాష్‌లోని కెపాసిటరును త్వరగా నింపుతుంది. పూర్తిశక్తితో వెలిగించినప్పుడు మరల సిద్ధం కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఎనిమిదవ వంతు శక్తితోనైతే వెంటవెంటనే వెలుగుతుంది. తలంబ్రాల వేళ ఇది బాగా తెలిసివస్తుంది. ఐ.ఎస్.ఓ. పెంచి, శక్తి తగ్గించుకొన్నవాడి ఫ్లాష్ మెరుపు సెకనులో కొన్ని వేలవ వంతు మాత్రమే నిలుస్తుంది. వరుడి దోసిలి నుండి జారిన పసుపు బియ్యం వధువు శిరస్సును తాకకముందే, గింజ గింజా విడివిడిగా గాలిలో నిలిచి చిత్రంలో కనిపిస్తుంది.