మడ అడవుల బురద - మన పసుపు చేల మన్ను

కందకుర్తి వద్ద మంజీర, హరిద్రలను (హరిద్ర యనగా పసుపే గదా!) కలుపుకొని మన జిల్లాలో సాగు గోదావరి, తుదకు గౌతమీ పాయగా సముద్రమును చేరుచోట, కాకినాడకు దక్షిణమున కోరంగి మడ అడవులు కలవు. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ ప్రదేశము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. పెర్కిట్ పసుపు రైతుకు ఆ ఉప్పు బురదతో ఏమి పని యని అడుగవచ్చును. పని కలదు.

మొక్క ఏదైనను గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, అందలి కర్బనముతో ఆకును, కాండమును, వేరును నిర్మించుకొనును. మన చేలలో రాలిన ఆకును సూక్ష్మజీవులు త్వరలోనే తినివేయును. కర్బనము తిరిగి గాలిలో కలియును. మడ అడవిలో అట్లు కాదు. రోజుకు రెండు మార్లు పోటు వచ్చి బురదను తడిపి యుంచును. అందులో గాలి చొరదు. గాలి లేనిచోట కుళ్లుట మిక్కిలి నెమ్మది. పైన ఒండ్రు పొరపై పొరగా పేరుకొనును. ఇట్లు పూడిన వేళ్లు శతాబ్దముల తరబడి నిలుచును. మడ అడవి దాచిన కర్బనములో అధిక భాగము చెట్లలో గాక ఈ బురదలోనే కలదు.

వరిమడియు బురదయే కదా యని కొందరు ప్రశ్నింతురు. వరిమడి బురదలో మీథేను వాయువు పుట్టును. ఇది బొగ్గుపులుసు వాయువుకంటె ఎన్నో రెట్లు వేడిని పట్టి యుంచును. సముద్రపు నీటిలో గంధక లవణములు కలవు. వీనిని వాడుకొను సూక్ష్మజీవులు మీథేను పుట్టించువానికి మేత దక్కనీయవు. మడ బురదకు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వచ్చుట ఇందువలననే. వరిలో మధ్య మధ్య నీరు తీసి ఆరగట్టినచో మీథేను తగ్గును, నీరును మిగులును.

రొయ్యల చెరువులకై మడను నరికి బురదను గాలికి తెరచినచో, తరతరముల నిలువ కొద్ది సంవత్సరములలో ఖర్చగును. ఇంకొక చిక్కు కూడ కలదు. 1963లో నెహ్రూగారు పునాదిరాయి వేసిన మన శ్రీరామసాగరము వంటి జలాశయములలో ఒండ్రు ఆగిపోవుచున్నది. సముద్రమట్టము పెరుగుచున్న ఈ కాలమున మడ నేల ఎత్తు పెరుగుటకు ఆ ఒండ్రే ఆధారము.

ఇక మన చేలు. ఎకరములో ఆరు అంగుళముల లోతు మన్ను దాదాపు 9 లక్షల కిలోలు తూగును. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనము 0.5 శాతమునకు లోపైనచో తక్కువ యని వ్రాయుదురు. దానిని 0.4 నుండి 0.5కు తెచ్చుట యనగా 900 కిలోల కర్బనమును, అనగా 3,300 కిలోల బొగ్గుపులుసు వాయువును నేలలో నిలుపుట. ఇది ఒక్క యేట జరుగదు. దున్నిన కొలది మన్నులో గాలి చొచ్చును గనుక ఏటేట వేయుచుండవలెను.

పసుపులో అంతరపంటగా వేసిన మొక్కజొన్న కంకి విరిచిన పిదప చొప్పను గట్టున వేసి కాల్చువారు కలరు. నాలుగు నెలలు కూడబెట్టినది గడియలో గాలికి వదలుటయే ఇది. చొప్పను ముక్కలు చేసి సాళ్ల నడుమ పరచుడు. తేమ నిలుచును, కలుపు తగ్గును. పసుపు ఆకును ఎరువు గుంతకు చేర్చుడు. ఆకుమచ్చ తెగులు సోకిన ఆకును మాత్రము ఏరి కాల్చుటయే మేలు.

చెరువు మట్టియు నీటి క్రింద దాగిన కర్బనమే. 2015లో మిషన్ కాకతీయ సదాశివనగర్ చెరువు వద్ద ప్రారంభమైన నాటినుండి దీని వాడుక పెరిగినది. చల్క నేలకు, ఇసుక నేలకు ఇది మిక్కిలి మేలు. నల్లరేగడికి లాభము స్వల్పము. గ్రామాధికారులు పూడిక తీయుటకు ముందే మట్టి నమూనాలను పరీక్షకు పంపించినచో, రైతుకు ట్రాక్టరు కిరాయి వృథా కాదు.